చదరంగపు గింజల లెక్క



చదరంగమును కల్పించిన పండితుడు మొదటి గడికి ఒక గింజయు, రెండవ గడికి రెండును, మూడవదానికి నాలుగును, ఇట్లు గడిగడికి రెట్టించుచు అరువదినాలుగు గళ్లకును ధాన్యము నిమ్మని రాజును వేడెనని కథ కలదు. కథ యెట్లున్నను లెక్క సత్యము. మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. సెకండునకు ఒక్కటి చొప్పున నెంచినచో 58,000 కోట్ల యేండ్లకు పైబడును. కల్పమనగా 432 కోట్ల యేండ్లు గదా! నూటముప్పదియైదు కల్పములు గడచినను ఆ యెంపు ముగియదు.

క్రీ. శ. 1000 ప్రాంతమున ఖ్వారిజ్ము దేశీయుడగు అల్ బిరూనీ ఈ మొత్తమును గణించెను. మన తెనుగున పావులూరి మల్లన రచనయని ప్రసిద్ధమైన యొక పద్యమున నిదే సంఖ్య కలదు. మల్లన నన్నయభట్టారకుని కాలమునకు చేరువవాడు. మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహమును తెనిగించినవాడు.

ఇరువది యంకెలు పద్యమున నెట్లిమిడెను? చంద్రు డొకటి, వేదములు నాలుగు, బాణము లైదు, కులపర్వతము లేడు, దిగ్గజము లెనిమిది, ఆకాశము సున్న. అంకెలు కుడినుండి యెడమకు నడచును. కావున పద్యము ఒకట్ల స్థానముతో మొదలగును. ఈ సంఖ్యలో ఏడు మూడుమార్లు వచ్చును. మూడు చోట్లను చెప్పినది పర్వతమే. పేరు మాత్రము వేరు. ఛందస్సున కే పేరు తగునో కవి దానినే గ్రహించెను.

ఇందు గొప్ప మేలు కలదు. తాటియాకుపై నొక యంకె తప్పిన నెవరును గుర్తింపజాలరు. పద్యమున మాట తప్పినచో యతియో, ప్రాసయో, గణమో చెడి తప్పు బయటపడును. ఛందస్సే యీ లెక్కకు కావలి.

సంఖ్య సరియైనదో కాదో మీరును పరీక్షింపవచ్చును. సగము పలకలోని ముప్పదిరెండు గళ్ల గింజలు 4,29,49,67,295. దానికి రెండు చేర్చిన 4,29,49,67,297. ఈ రెంటిని గుణించిన మన సంఖ్యయే వచ్చును. ఆ రెండవదానిని ఫ్రాన్సు దేశపు ఫెర్మా యవిభాజ్యమని తలచెను. 1732 లో ఆయిలరు దానిని 641 చే నిశ్శేషముగా భాగింపవచ్చునని కనుగొనెను. కావున మల్లన సంఖ్యయు 641 చే భాగింపబడును.

కాని ఛందస్సు మాటలనే కాపాడును, అర్థమును కాపాడజాలదు. చంద్రు డన నొకటి యని యెరుగని బాలునకు ఆ పద్యము మూగది. పద్యము కంఠస్థముగా గల పెద్దలు దాని తాళపుచెవిని గూడ మనుమల కందింపవలెను. అది పోయిన యేట, లెక్క మనయొద్దనే యుండియు మనది కాకుండ పోవును.