మోకు చరిత్రము

మహాసభా సంచికకు కులచరిత్రమును గూర్చి యొక వ్యాసము పంపవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఇట్టి సంచికలలో ఇదివఱకు వెలువడిన వ్యాసములను కొన్నిటిని తెప్పించుకొని చదివితిమి. గోత్రములు గలవు, పౌరాణికోత్పత్తులు గలవు, 1708వ సంవత్సరమున ఓరుగల్లును కొల్లగొని మొగలు అధికారులకు నిద్రలేకుండ జేసిన ఖిలాషాపురపు సర్వాయి పాపన్నగారి ప్రతాపము గలదు. ఇవి యన్నియు వ్రాయదగినవే. కాని పాపన్నగారికి కోట యుండెను. మన తాతలలో పెక్కురకు మోకు దక్క వేఱు కోట లేదు. ఆ మోకును గూర్చి పది పంక్తులైనను మాకు గానరాలేదు. కావున ఈ యేడు దానిని గూర్చియే వ్రాయ సంకల్పించితిమి.

పట్టణములలో పెరిగిన మన పిల్లలకును, ఈ సంచికను పోషించుచున్న యితరకులముల పెద్దలకును మోకన నేమో ముందుగా నెఱిగింపవలసియున్నది. ఎక్కువాని నడుమును తాడిమ్రానును కలిపి చుట్టియుండు బలమైన త్రాడు మోకు. పాదములకు తగిలించుకొను చిన్నత్రాడు గుజి. కత్తులను, లొట్టిని వ్రేలాడదీయుటకు నడుమునకు కట్టునది ముస్తాదు. మోకును పూర్వము నారతోను, తోలుతోను పేనెడివారు. పిమ్మట నైలాను వచ్చి చేరినది. ఎక్కువాడు వెనుకకు వ్రాలినపుడు వాని బరువు మోకును మ్రాని వెన్నునకు అదుముటచే నది కదలదు. వాడు మ్రానివైపు వంగగనే మోకు వదులగును. ఆ క్షణముననే దానిని పైకి విసరి, మఱల వెనుకకు వ్రాలి, పాదములను పైకి తెచ్చుకొనును. తాడి 100 అడుగుల వఱకు పెరుగు చెట్టు. అంత యెత్తు వలదు. 40 అడుగుల చెట్లు 10 గీయువాడు ఉదయ సాయంకాలము లెక్కినచో దినమునకు 800 అడుగులు పైకిని, 800 అడుగులు క్రిందికిని ప్రయాణము చేయును. ఆ ప్రయాణమంతయు ఒక్క త్రాటిమీదనే.

ఇచ్చట మా పండితపు వాసనను చదువరులు క్షమింతురుగాక. అమరకోశము తాడిచెట్టునకు తృణరాజమను పేరు నిచ్చినది. నేటి వృక్షశాస్త్రము కూడ తాడిని గడ్డితోబాటు ఏకదళబీజములలోనే చేర్చుచున్నది. ఆ కోశమే త్రాటికి శుల్బము, రజ్జువు, వటి, గుణము అను పేళ్ళను చెప్పినది. యజ్ఞవేదికలను త్రాళ్ళతో కొలుచు శాస్త్రమునకు శుల్బసూత్రములను పేరు ఈ మాటనుండియే కలిగినది. గుణవంతుడనగా మంచివాడని మేము ముప్పదియైదేండ్లు పాఠము చెప్పితిమి. త్రాడు గలవాడనియు చెప్పవచ్చునని ఉద్యోగవిరమణానంతరము తోచినది. త్రాటిని జూచి పామని భ్రమించువాని కథను వేదాంతులు చెప్పుదురు. మనవాని కష్టము దానికి విపరీతము: లోపల కుళ్ళినదానిని త్రాడని నమ్ముట.

ప్రభుత్వములు చెట్టును బహుశ్రద్ధతో నెఱిగినవి. చెన్నరాజధానిలో 1886వ సంవత్సరపు ఆబ్కారీ చట్టము, హైదరాబాదు రాజ్యమున 1316 ఫసలీ చట్టము, ఆ రెంటి స్థానమున 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టము వచ్చినవి. నడుమ 1937 అక్టోబరు 1వ తేదీన సేలము జిల్లాలో మొదలైన మద్యనిషేధము మఱుసటి యేడు చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపించి, అచ్చటి మనవారి మోకులను చూరులకెక్కించినది. చెట్టునకు పన్ను గలదు, అంకె గలదు, దానిని లెక్కించు నుద్యోగి గలడు. త్రాటిని పట్టిచూచు నుద్యోగిని మాత్రము మేము మా బాల్యమున చూచి యెఱుగము.

1973లో మేము ఏడవ తరగతి చదువుచుండగా మా చిన్నాయన చెట్టుమీదనుండి పడెను. ఆయన మోకు ఒక కొన అరిగిపోయియుండెను. క్రొత్తది పేనించుకొనుటకు వ్యవధి లేక, అరిగిన భాగమును కోసివేసి, అంగడిలో కొనిన నైలాను ముక్కను దానికి అతికెను. వేసిన ముడి కట్టెలమోపునకు వేయునట్టిదే. మూడుదినములు నిలిచినది, నాలుగవనాడు ఊడినది. తుంటియెముక విఱిగి ఆయన పదునొకండేండ్లు మంచముననే బ్రదికెను. పరిహారమునకై మా తండ్రిగారు ఒక కార్యాలయముచుట్టు రెండేండ్లు తిరిగిరి. పట్టికలో పేరు లేదని త్రిప్పిపంపిరి. ముడి యెట్లు ఊడినదని వారు గాని, నిజము చెప్పవలెనన్న మన కులపెద్దలు గాని అడుగలేదు. అది విధివ్రాత యనిరి.

విధివ్రాత కాదని మేము తరువాత గ్రహించితిమి. మోపుముడి రెండువైపుల సమముగా లాగునంతవఱకే ముడి. ఒక కొనను ప్రక్కకు లాగగనే అది బోర్లపడి జాఱిపోవును. నార గఱుకు, నైలాను నునుపు. గఱుకును నునుపును కలిపి ముడివేసినచో నునుపుది మెల్లమెల్లగా తప్పించుకొనును. ఎంత మంచి ముడియైనను త్రాటి బలమును కొంత తినివేయును. కొన్ని ముడులు సగమువఱకు తినును. కావుననే ప్రాణమును మోయు త్రాడు అతుకు లేనిదై యుండవలెను. అతుకు తప్పనిచో ఆ త్రాడు నీళ్ళు చేదుకొనుటకు వాడదగును. ఇక జాఱుముడి. కుండమెడకు అది మంచిదే. బరువు పడినకొలది బిగియును గనుక మనుజుని నడుమునకు అది యురి. ముడివేసిన తరువాత మిగులు కొనను మనవారు తోక యందురు. అది త్రాటి మందమునకు పదిరెట్లైన నుండవలెనని నేటి వృత్తినిపుణులు చెప్పుదురు. మా తండ్రిగారికి ఆ లెక్క తెలియదు గాని, “ముడి సూడకు బిడ్డా, తోక సూడు” అనెడివారు. చెట్టునుండి దిగగానే మోకు తోక ప్రొద్దుటికంటె పొట్టియైనదా యని ఆయన చూచుట మాకు జ్ఞాపకము. పొట్టియైనచో ముడి నడచుచున్నదన్నమాట.

ఎక్కుటకు ముందు నేలకు మూరెడెత్తున నిలిచి వెనుకకు వ్రాలి మోకును పరీక్షించుటయు ఆయన యలవాటు. దీనికి పెద్ద శాస్త్రము నక్కఱలేదు, అరనిమిషము చాలును.

ఐరోపాలో కొండలెక్కువారికొఱకు ఆస్ట్రియా దేశీయుడగు కార్ల్ ప్రూసిక్ 1931లో ఒక ముడిని ప్రకటించెను. లావుత్రాటిచుట్టు సన్నత్రాటిని చుట్టి వేయు ముడి యది. బరువు మోపినపుడు పట్టును, బరువు తీసినపుడు జాఱును. ఆ జాతి ముడులతోనే నేడు పెక్కుదేశములలో చెట్లకొమ్మలు నఱకు పనివాండ్రు ఎక్కి దిగుచున్నారు. దీనిని చదివినపుడు మాకు గర్వము కలిగినది. ఏలనన బరువున పట్టుట, తేలికయైనపుడు జాఱుట మన మోకు ధర్మమే గదా. కాని గర్వము కొంతసేపే నిలిచినది. ప్రూసిక్ ముడికి పాదముల సాయము వలదు. మోకు మాత్రము పాదములు మ్రానికి ఆనియున్నంతవఱకే పట్టును. వానకు తడిసిన మ్రానిమీద పాదము తప్పెనా, వాలు పోయి మోకును మనుజుడును కలిసి జాఱుదురు. లేదా వాడు తలక్రిందులై వ్రేలాడును. మఱియొకటి. మనవాడు పదునైన కత్తితో పనిచేయునది తన త్రాటి ప్రక్కనే. కోతపని చేయునపుడు ఒకటి తెగినను నిలుచునట్లు రెండు కట్టు లుండవలెనని చెట్లపనివారి నియమము. మనకు ఒక్కటే కట్టు.

ఈ లోపమును తీర్చుటకే 2024 జూలై 14వ తేదీన రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలములోని లష్కర్‌గూడలో తెలంగాణ ప్రభుత్వము కాటమయ్య రక్షణ కవచమను పరికరములను గీతకార్మికుల కిచ్చుట ప్రారంభించినది. ఇది పర్వతారోహకుల పద్ధతి ననుసరించినది. పాదము తప్పినను మనుజుని నిలుపుట దీని యుద్దేశము. కులదైవము పేరు పెట్టుట మాకు సంతోషమే. అయితే తొడుగుకొనుటకు కాలము పట్టునని, పది చెట్లవాడు ఐదు చెట్లతోనే ప్రొద్దుపుచ్చవలసివచ్చునని మా యూరి పడుచువాండ్రు కొందఱు దానిని ఇంటియందే వదలి పోవుచున్నారు. వారిని మేము నిందింపము; ఆకలికి తొందర యెక్కువ. కాని మహాసభకు తోరణములకును, సన్మానపు శాలువలకును వ్రాసిన పద్దులను మేము చూచితిమి. ఊరూర నొక వృద్ధుని నియమించి, ఏటేట మోకులను విప్పి పరీక్షించి, పడుచువారికి పరికరమును తొడుగుట నేర్పించుటకు ఆ పద్దులలో ఒకటి చాలును. పోషకులలో నొకరైన దీనిని చేపట్టినచో మా యూరి మోకులను చూచుపని మేమే చేయుదుము. చేతులు వణకినను కన్నులు బాగుగనే యున్నవి.

మా తండ్రిగారు పాతబడిన మోకును ఎవ్వరికిని ఇచ్చెడివారు కారు. పారవేసినచో ఎవరో తీసికొని యెక్కుదురని భయము. ముంగిటిలో కూర్చుండి గీతకత్తితో జానెడు జానెడుగా ముక్కలు కోసి, ఆ ముక్కలను పొయ్యిలో పెట్టుమని మా తల్లికి ఇచ్చెడివారు.