కాలేజీ కంటే ముందు బోర్డింగు

గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల మీద ప్రత్యేక సంచిక వేస్తే అందులో రెండు జాబితాలు తప్పవు. మొదటిది ప్రిన్సిపాళ్లది, రెండోది పేరుమోసిన పూర్వ విద్యార్థులది. ఎన్.టి.రామారావు, కొంగర జగ్గయ్య ఇక్కడ చదివారు. 1930లలో విశ్వనాథ సత్యనారాయణ, ఆ తర్వాత కరుణశ్రీ ఇక్కడ తెలుగు చెప్పారు. సనాతన ధర్మానికి అంతగా కట్టుబడిన విశ్వనాథకు లూథరన్ క్రైస్తవుల ఈ కాలేజీ జీతమిచ్చిందంటే ఆ సంస్థ మనసు కొంత తెలుస్తుంది. అయితే పల్లె చివరి మాలపేట నుంచో మాదిగపేట నుంచో వచ్చిన కుర్రాడు ఎక్కడ పడుకున్నాడు, ఏం తిన్నాడు, అతని ఫీజు ఎవరు కట్టారు? ఇది ఆ జాబితాలకు పట్టలేదు. తెలుగునాట లూథరన్లకు విశ్వవిద్యాలయం లేదు. ఉన్న పెద్ద చదువుల గడప ఈ కాలేజీయే కనుక ఆ ప్రశ్న ఇక్కడే వేయాలి.

మొదటి ఘట్టాలు అందరికీ తెలిసినవే. 1842 జులై 31న అమెరికా లూథరన్ల తరఫున ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరారు. కలెక్టర్ స్టోక్స్ ఆదరించారు. బడులు వెలిశాయి. 1845లో ఉత్తర జర్మనీ మిషనువారు రాజమండ్రిలో దిగారు, కొన్నేళ్లకే ఆ క్షేత్రం అమెరికన్ల చేతికొచ్చింది. 1885లో గుంటూరు బడి మద్రాసు విశ్వవిద్యాలయం కింద ద్వితీయ శ్రేణి కాలేజీ అయింది. 1926లో ప్రథమ శ్రేణి, ఆ వెంటనే కొత్తగా పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయంతో అనుబంధం. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది.

పేచీ అంతా 1885కీ 1926కీ మధ్య కాలం గురించే. చర్చి వర్గాలు రాసిన చరిత్రలో దొరలు దళితులకు కాలేజీ పెట్టారు, వెలుగు వచ్చింది. గిట్టనివాళ్లు చెప్పే చరిత్రలో అన్నం పెట్టి, చదువు ఎరవేసి మతం మార్చారు. రెండూ ఒకే మాట మీద నిలబడ్డాయి, ఆ కాలేజీ గదుల్లో ప్రధానంగా క్రైస్తవ పిల్లలే కూర్చున్నారని. ఆ మాటే నిలవదు. 1931లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన లిండ్సే అధ్యక్షతన వెలువడిన కమిషన్ నివేదిక భారతదేశపు ప్రొటెస్టంట్ క్రైస్తవ కళాశాలలను కలిపి చూసి, వాటిలో క్రైస్తవేతర విద్యార్థులే ఎక్కువని తేల్చింది. ఫీజు కట్టగలిగినవాళ్లు బ్రాహ్మణులు, భూములున్న కులాలవాళ్లు. 1854 నాటి వుడ్ ప్రణాళికతో మొదలైన సర్కారు గ్రాంటు కూడా పుస్తకాల్లో లెక్క చూపే సంస్థకే దక్కేది. కాలేజీ చాలావరకు బతికింది ఫీజులు, గ్రాంటు, ఈ రెండింటి మీద. మతం మార్చడమే పని అయితే ఇది పరమ తిక్క పెట్టుబడి. పై కులాల నుంచి మతం మారినవాళ్లు చాలా తక్కువ.

మరి పేటల పిల్లలు? వాళ్ల దారి వేరు. 1876-78 కరువు ముందూ వెనకా పేటలకు పేటలు మిషనులో చేరాయి. ఊళ్లో ఉపదేశి పగలు బడి చెప్పేవాడు, సాయంత్రం ప్రార్థన నడిపేవాడు. చురుకైన పిల్లవాణ్ని దొరగారికి చూపించేవాడు. పిల్లవాడు బోర్డింగు స్కూలుకు వెళ్లేవాడు, అక్కణ్నుంచి గుంటూరు హైస్కూలుకు. చాలా కొద్దిమందే కాలేజీ మెట్లెక్కేవారు. ఖర్చు చాలావరకు అమెరికాలోని సండేస్కూళ్లు, మహిళా సంఘాలు పంపేవి, ఒక్కో పిల్లవాడి పేరున ఒక్కో సంఘం. తెల్లవారకముందే గంట, స్నానం, ప్రార్థన, బావి నుంచి నీళ్లు తోడటం, చీపురు పట్టడం, ఆ తర్వాతే బడి. అన్నానికి అందరూ ఒకే వరసలో నేల మీద కూర్చునేవారు. ఆ రోజుల్లో ఊరి బావి దగ్గరకు కూడా రానివ్వని పిల్లలకు ఆ వరస మామూలు విషయం కాదు.

కాబట్టి నా వాదన ఇది. ఆ నలభై ఏళ్లలో తెలుగు దళితుల చదువుకు కాలేజీ చేసింది తక్కువ, బోర్డింగు చేసింది ఎక్కువ. కాలేజీని మూలస్తంభంగా నిలబెట్టే చరిత్రలు తప్పు గుమ్మం ముందు దండం పెడుతున్నాయి.

దీనికి మినహాయింపులున్నాయి, దాచను. బోర్డింగు ఎవరినీ స్వేచ్ఛగా ఎదగనివ్వలేదు. ఎవరు ఎంతవరకు చదవాలో నిర్ణయించేది మిషనే. చాలామందికి ఆ దారి ట్రైనింగు స్కూల్లోనో, ఉపదేశి ఉద్యోగంలోనో ఆగిపోయేది. ఆడపిల్లలైతే మరీ. 1898లో డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరులో ఆస్పత్రి తెరిచాక నర్సు పని, లేదంటే టీచరు పని, లేదంటే పాస్టరుగారి భార్య కావడం. మాల, మాదిగల తేడా కూడా సంఘం గడప దగ్గర ఆగలేదు, లోపలికి వచ్చి కూర్చుంది. ఇక కవి జాషువా సంగతి. లూథరన్ ట్రైనింగు స్కూల్లో దాదాపు పదేళ్లు పాఠాలు చెప్పిన మనిషి. క్రైస్తవుడై ఉండి పురాణ కథలు రాస్తాడేమిటని ఇటు సంఘంవాళ్లు, కులం చూసి అటు పండితులు అతన్ని దూరం పెట్టారు. పేటల నుంచి వచ్చిన ప్రతిభకు మిషను నీడనిచ్చింది, నోరు మాత్రం తన ఇష్టం వచ్చినట్టు మెదలాలనుకుంది.

సాయపడ్డది మిషనొక్కటే కాదు. ఆ రోజుల్లో ఏ కులానికి ఆ కులం హాస్టలు పెట్టుకుంటోంది. హైదరాబాదులో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి చొరవతో 1918లో రెడ్డి హాస్టలు వచ్చింది. సొంత డబ్బు లేని కులాలకు మాత్రం ఎవరో ఒకరి దయ కావాల్సి వచ్చింది. 1944లో షెడ్యూల్డ్ కులాలకు మెట్రిక్ తర్వాతి స్కాలర్‌షిప్పులు మొదలయ్యాక ఆ సాయం దయ నుంచి హక్కుగా మారడం ప్రారంభించింది. విచిత్రమేమంటే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవ దళితుణ్ని షెడ్యూల్డ్ కులాల్లోకి రానివ్వలేదు. మిషను బోర్డింగులో పెరిగినవాడే ప్రభుత్వ సాయానికి దూరమయ్యాడు. 1970లో ఆంధ్రప్రదేశ్ అతన్ని బి.సి.-సిలో పెట్టి ఒక శాతం రిజర్వేషను ఇచ్చింది. 1977లో జీవో 341తో చదువు, ఆర్థిక రాయితీలు కొన్ని తిరిగి వచ్చాయి. సిక్కు దళితులను 1956లో, బౌద్ధ దళితులను 1990లో ఆ ఉత్తర్వులో చేర్చారు. క్రైస్తవుల సంగతి ఇంకా తేలలేదు.

నేటి మాట. లూథరన్ సంఘంలో నాయకత్వ తగాదాలు, ఆస్తుల గొడవలు కోర్టులెక్కాయి. కాలేజీకి పేరుంది, పూర్వపు బోర్డింగుల గొలుసు లేదు. నేనుండే మంచిర్యాల జిల్లా జైపూర్ నుంచి చూస్తే ఇది గుంటూరు కష్టం మాత్రమే అనిపించదు. 2016లో జాతికి అంకితమైన సింగరేణి పన్నెండు వందల మెగావాట్ల కరెంటు ప్లాంటు మా మండలంలోనే ఉంది. అయినా ఇక్కడి కాంట్రాక్టు కార్మికుల పిల్లల డిగ్రీ చదువు ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదే ఆధారం. డబ్బు ఆలస్యమైతే కాలేజీ సర్టిఫికెట్లు పట్టుకుంటుంది. ప్రభుత్వం ఫీజు ఇవ్వడం దయ నుంచి హక్కుకు వేసిన పెద్ద అడుగు, దాన్ని తక్కువ చేయను. కానీ ఫీజు కాలేజీ ఖాతాలో పడుతుంది, పిల్లవాడికి తెల్లారి గంట కొట్టేవాళ్లు ఎవరు? పరీక్ష తప్పితే పిలిచి కూర్చోబెట్టేవాళ్లు ఎవరు? పాత బోర్డింగుకు దొరతనం ఉండేది, ఇప్పటి పద్ధతికి అది లేదు. అందుకు సంతోషమే. అయితే వార్డెను కూడా లేడు. ప్రతి జిల్లా కేంద్రంలో డిగ్రీ విద్యార్థులకు సరిపడా హాస్టలు సీట్లు, అక్కడే ఉండే వార్డెన్లు, నెల తప్పకుండా పడే మెస్ ఛార్జీలు: ఈ మూడింటికీ బడ్జెట్‌లో విడిగా పద్దు పెట్టకుండా స్కాలర్‌షిప్పు గొప్పలు చెప్పుకోవడం తగదు.