రద్దీ రుసుము – రేవు నేర్పు గణితము

పట్టణములలో వాహనముల రద్దీపై రుసుము విధించినచో ఏమి జరుగునో ముందుగా లెక్కింపవచ్చునా? ఈ ప్రశ్నకు మార్గము చూపినవారిలో ముఖ్యుడు అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు విలియం విక్రీ. ఈయనకు 1996లో నోబెల్ బహుమతి లభించెను. 1969లో ఆయన ప్రకటించిన గణిత నమూనాను గ్రహించుటకు కోనసీమలోని సఖినేటిపల్లి రేవును తలచుకొనిన చాలును.

రాజోలు ప్రాంతమువారు వసిష్ఠను దాటి నరసాపురము పోవుటకు పంటు ఎక్కుట చిరకాలపు అలవాటు. పంటు గంటకు 20 బండ్లను దాటించుననియు, 60 బండ్లవారు ఉదయము 9 గంటలకే ఆవలిగట్టు చేరగోరుదురనియు అనుకొందము. అందరును దాటుటకు 3 గంటలు పట్టును. కొందరు మరీ ముందుగా, కొందరు ఆలస్యముగా చేరుదురు. సరిగా 9 గంటలకు చేరువాడు రేవులో అందరికంటె ఎక్కువసేపు కాచుకొనును. ఈ నిరీక్షణ వలన ఎవరికిని లాభము లేదు. 9 గంటలు సమీపించిన కొలది పెరిగి, పిదప తగ్గు రుసుమును విధించినచో జనులు తమ వేళలు సర్దుకొందురు, వరుస మాయమగును. దాటువారి సంఖ్య తగ్గదు. వృథాయైన కాలమే ధనమై ఖజానా చేరును.

1975 జూన్‌లో సింగపూరు నగర మధ్యభాగమున ఉదయపు రద్దీ వేళ రుసుము ప్రారంభమైనది. వాహనములు నూటికి 25 మొదలు 30 వరకు తగ్గవలెనని లక్ష్యము. 40కి పైగా తగ్గినవి. కాని రుసుము వేళ ముగియు 9.30 కాగానే కార్లు గుమిగూడెను. ఆగస్టులో ఆ వేళను 10.15 వరకు పొడిగింపవలసి వచ్చెను. జనులు మార్చుకొనునది దారిని మాత్రమే కాదు, వేళను కూడ అని తేలినది.

2006 జనవరి నుండి జూలై వరకు స్టాక్‌హోం నగరమున రుసుమును ప్రయోగాత్మకముగా వసూలు చేసిరి. నగర కేంద్రమునకు రాకపోకలు చేయు వాహనములు సుమారు ఐదింట ఒకవంతు తగ్గినవి. నమూనా చెప్పినదియు ఇంచుమించు అంతే. అయితే వరుసలలో గడుపు కాలము అది చెప్పినదానికంటె ఎక్కువగా తగ్గెను. ఆ నమూనా బండ్లను లెక్కించెను గాని, వరుస వెనుకకు పెరిగి ఇతర వీధులను అడ్డగించు తీరును లెక్కింపలేదు.

వేళ మార్చుకొనగల వర్తకునికి రుసుము స్వల్పభారము. నియమితవేళకు పనిలో ఉండవలసిన కూలికి అట్లు కాదు. వచ్చిన ధనముతో అదనపు బస్సులు నడిపినచో అతనికిని మేలు కలుగును. కావున బండ్లెన్ని తగ్గునని అడుగుటతో పాటు, ఎవరి కాలము మిగులును, ఎవరు చెల్లింతురు అనియు నమూనాను అడుగవలెను.