మారడోనా నీలి చొక్కా

1986 జూన్ 22. మెక్సికో నగరంలోని అజ్టెకా మైదానంలో ప్రపంచకప్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఇంగ్లండ్ 2-1తో అర్జెంటీనా చేతిలో ఓడిపోయింది. ఓడిన జట్టు ఆటగాడు స్టీవ్ హాడ్జ్, అర్జెంటీనా గోల్స్ కొట్టి లోపలికి వెళ్తున్న మారడోనాతో చొక్కా మార్చుకున్నాడు.

అసలు ఆ చొక్కా పుట్టుకే విచిత్రం. అర్జెంటీనా దగ్గరున్న నీలి చొక్కాలు బరువైనవి, మధ్యాహ్నపు ఎండకు పనికిరానివి. అందుకే అక్కడి దుకాణంలోనే పలుచనివి కొని, హడావుడిగా చిహ్నం కుట్టి, వెండిరంగు అంకెలు అతికించారు. సంతకం కన్నా నమ్మదగిన గుర్తులివి!

హాడ్జ్ దాన్ని చాలా ఏళ్లు ఇంగ్లండ్‌లోని జాతీయ ఫుట్‌బాల్ మ్యూజియంలో ఉంచాడు. 2022లో వేలానికి రాగానే, గోల్స్ కొట్టినప్పటి చొక్కా ఇది కాదని మారడోనా కూతురు అభ్యంతరపెట్టింది. వేలం సంస్థ సదబీస్ చిహ్నాన్నీ, చారలనూ, అంకెలనూ పాత ఫొటోలతో పోల్చి అదేనని తేల్చింది.

మరో ఫుట్‌బాల్ దిగ్గజం పెలే 1970 ప్రపంచకప్ ఫైనల్ చొక్కా 2002లో సుమారు 1.57 లక్షల పౌండ్లు పలికింది. మారడోనా చొక్కాకు 71 లక్షలు వచ్చాయి.