క్రిప్టోజాకింగ్

వెబ్‌పేజీలో దాచిన జావాస్క్రిప్ట్ కోడ్‌తో, చూసేవారికి తెలియకుండా వారి కంప్యూటర్ ప్రాసెసర్ చేత క్రిప్టోకరెన్సీ తవ్వించుకునే మోసం. పేజీ తెరిచి ఉన్నంతసేపూ బ్రౌజర్ ఎడతెగని లెక్కలు కడుతూనే ఉంటుంది. ఫ్యాను హోరెత్తుతుంది, యంత్రం వేడెక్కి మొరాయిస్తుంది. కరెంటు బిల్లు చూసేవారిది, రాబడి ఇంకొకరిది. మామూలు ప్రాసెసర్లతోనూ తవ్వగలిగే మొనేరో ఇందుకు అనువైన నాణెం. 2017 సెప్టెంబరులో మొదలైన కాయిన్‌హైవ్ సేవ ఈ పద్ధతిని ప్రపంచమంతా పాకించింది.

2018 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ పురపాలక శాఖ సంచాలకుల వెబ్‌సైటులోనూ, తిరుపతి నగరపాలక సంస్థ, మాచర్ల పురపాలక సంఘం సైట్లలోనూ ఇలాంటి కోడ్ ఉన్నట్టు భద్రతా పరిశోధకులు బయటపెట్టారు. పౌరులు సేవల కోసం నమ్మి తెరిచే పేజీలు కావడమే ఇందులోని అసలు అన్యాయం. కాయిన్‌హైవ్ 2019 మార్చిలో మూతపడింది. ఏదైనా పేజీ ఇలా తవ్విస్తోందని అనుమానం వస్తే బ్రౌజర్‌లోని టాస్క్ మేనేజర్ తెరిచి, ప్రాసెసర్‌ను మింగేస్తున్న ట్యాబ్‌ను మూసేయాలి.