నివాస ప్రాంతాలలో వాహనాల పార్కింగ్: ఏ శాఖ బాధ్యత ఎంతవరకు?

వరంగల్: కాలనీలలో, అపార్ట్‌మెంట్ల ఎదుట వాహనాలు అడ్డుగా నిలిపినప్పుడు ఫిర్యాదు ఏ కార్యాలయానికి చేయవలెనన్న సందేహం తరచుగా వ్యక్తమవుతున్నది. వాహనం నిలిచిన చోటును బట్టి బాధ్యత గల శాఖ మారుతుంది. పాత్రికేయులు, అధికారుల సమాచారార్థం ఆ వివరాలు ఈ దిగువ ఇవ్వడమైనది.

రాజ్యాంగ నేపథ్యం

1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చిన 12వ షెడ్యూలులో 18 అంశాలు కలవు. వీధి దీపాలు, పార్కింగ్ స్థలాలు, బస్సు స్టాపుల వంటి పౌర సదుపాయాలు అందులో 17వ అంశం. భవన నిర్మాణాల నియంత్రణ కూడా ఇదే షెడ్యూలులో ఉన్నది. అయితే మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలోను, పోలీసు వ్యవస్థ రాష్ట్ర జాబితాలోను ఉన్నందున పార్కింగ్ విషయం ఏ ఒక్క సంస్థకో పరిమితం కాలేదు.

గేటు లోపల

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2012 ఏప్రిల్ 7న జి.ఓ.ఎం.ఎస్. నంబరు 168 ద్వారా భవన నిర్మాణ నియమావళిని జారీ చేసినది. రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణకు అన్వయింపజేసుకున్న ఈ నియమావళి ప్రకారం అపార్ట్‌మెంట్లలో నిర్ణీత మేరకు పార్కింగ్ స్థలం చూపవలెను. ఆ స్థలాన్ని ఇతర అవసరాలకు మార్చరాదు. నగర పరిధిలో అనుమతుల పరిశీలన, ఉల్లంఘనలపై చర్య గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థ టౌన్ ప్లానింగ్ విభాగం బాధ్యత.

ఫ్లాట్ల యజమానుల మధ్య వివాదాలు వేరు. స్టిల్ట్, బహిరంగ పార్కింగ్ స్థలాలను బిల్డరు విడిగా విక్రయించరాదని సుప్రీంకోర్టు 2010లో నహల్‌చంద్ లాలూచంద్ కేసులో తీర్పునిచ్చినది. ఉమ్మడి స్థలాల నిర్వహణ యజమానుల సంఘం చూసుకొనవలెను.

వీధిలో

వాహనాలు నిలుపు స్థలాలను నిర్ణయించే అధికారాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి లేదా ప్రభుత్వం అధికారమిచ్చిన సంస్థకు కల్పించినది. ఈ నిర్ణయం స్థానిక సంస్థతో సంప్రదించి తీసుకొనవలెను. ప్రమాదకరంగా వాహనం నిలుపుట 122వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. బహిరంగ స్థలంలో 10 గంటలకు పైగా వదిలివేసిన వాహనాన్ని, లేదా నిషిద్ధ స్థలంలో నిలిపిన వాహనాన్ని తరలించుటకు 127వ సెక్షన్ కింద యూనిఫారంలోని పోలీసు అధికారి ఆదేశించవచ్చును. ఖర్చు యజమానిదే. వరంగల్‌లో ఈ అమలు 2015లో ఏర్పడిన పోలీసు కమిషనరేట్ చూస్తున్నది. కాలిబాటలపై, వీధులపై శాశ్వత ఆక్రమణలను తొలగించుట మాత్రం నగరపాలక సంస్థ విధి.

శివారు గ్రామాలలో

పంచాయతీలకు సంబంధించిన 11వ షెడ్యూలులోని 29 అంశాలలో రోడ్లు ఉన్నవి గాని పార్కింగ్ ప్రస్తావన లేదు. అందువలన నగర శివారులో లేఅవుటు మంజూరు దశలో నిర్ణయమయ్యే రోడ్డు వెడల్పే కీలకం. ఈ దశలో కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ పాత్ర ముఖ్యమైనది. గ్రామం నగరంలో విలీనమైన తర్వాత ఇళ్ల మధ్య వీధిని వెడల్పు చేయుట కష్టసాధ్యం. 42 గ్రామాల విలీనంతో విస్తరించిన వరంగల్ నగరానికి ఇది ప్రత్యేకంగా వర్తిస్తుంది.

సమన్వయం ఆవశ్యకత

స్టిల్ట్ భాగం దుకాణంగానో, గదిగానో మారితే అక్కడ ఉండవలసిన వాహనాలు వీధిలోకి వస్తాయి. పోలీసులు జరిమానా విధించినా మరునాడు అదే వాహనం అదే చోట కనిపిస్తుంది, ఎందుకనగా దానికి లోపల స్థలం లేదు. ఇరుకు వీధిలో రెండు వైపులా కార్లు నిలిచియున్నచో అగ్నిమాపక శకటం, అంబులెన్సు ముందుకు సాగలేవు. ఆ ఆలస్యానికి మూల్యం ప్రాణమే కావచ్చును. కావున టౌన్ ప్లానింగ్, ట్రాఫిక్ విభాగాలు ఒకే వీధిని కలిసి పరిశీలించినప్పుడే శాశ్వత ఫలితం లభిస్తుంది.

ఫిర్యాదు ఎవరికి?

పార్కింగ్ స్థలం దుర్వినియోగం, వీధి ఆక్రమణ: నగరపాలక సంస్థకు.
గేటుకు, రాకపోకలకు అడ్డుగా నిలిపిన వాహనం: ట్రాఫిక్ పోలీసులకు.
అపార్ట్‌మెంటులో స్థల కేటాయింపు: ముందుగా యజమానుల సంఘానికి.