లంబసింగి ఘాట్ రోడ్డు – కూలి రాని పని

ఈ ప్రత్యేక సంచికకు ప్రయాణాలను గురించి ఏదైనా వ్రాయమని సంపాదకవర్గంవారు కోరారు. మన సభ్యులలో కాశీ, బదరీ చూచి వచ్చినవారు చాలామంది ఉన్నారు. నాకు ఆ భాగ్యం కలుగలేదు. ముప్పయ్యారేళ్ళ గుమాస్తా కొలువులో నేను చూచిన లోకమంతా క్యాంపు జీపు వెనుక సీటులోంచి చూచినదే. అందులో మరువరానిది నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్ళే ఘాట్ రోడ్డు.

1976 ఆగస్టులో మా ఆఫీసరుగారి వెంట చింతపల్లి క్యాంపుకు బయలుదేరాను. విడవని వాన. ఘాట్ మధ్యలో కొండచరియ విరిగి రోడ్డుకు అడ్డంగా పడింది. డ్రైవరును జీపు దగ్గర ఉంచి మేము నడక సాగించాము. దారి చూపడానికి ఒక ముసలి గిరిజనుడు ముందు నడిచాడు. అతడు తన నెత్తిమీది ఆకుల గిడుగు తీసి నా ఫైళ్ళ పెట్టెపై కప్పి, తాను తడుస్తూ నడిచాడు. ఒకచోట ఆగి, "ఈ రోడ్డు మా నాయన కొట్టిందే బాబూ. కూలి మాత్రం ఇంకా రాలేదు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. అది పరిహాసం కాదని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

1882లో వచ్చిన మద్రాసు అటవీ చట్టంతో మన్యం అడవులు రిజర్వు అడవులయ్యాయి. తాతల నాటి పోడు సాగు నేరమయింది. వంటచెరకు తెచ్చుకోవడానికి కూడా ఒకరి దయ కావలసి వచ్చింది. 1920 ప్రాంతాలలో గూడెం డిప్యూటీ తహసీల్దారుగా ఉన్న బాస్టియన్ నర్సీపట్నం – లంబసింగి రోడ్డు పనికి గిరిజనులను బలవంతంగా దించాడు. సరిగా కూలి ఇవ్వలేదు, ఎదురు చెప్పినవారిని కొట్టించాడు. గాము గంటందొర, మల్లుదొర సోదరులు అతని చేతిలో నష్టపోయినవారే. అల్లూరి సీతారామరాజుగారికి కుడిభుజంగా నిలిచినదీ వారే. మల్లుదొర శిక్ష అనుభవించి, 1952లో లోక్‌సభ సభ్యుడయ్యాడు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడులు జరిగాయి. మూడింటిలో కలిపి 26 తుపాకులు దొరికాయి. రాజుగారు తీసుకున్న ఆయుధాల వివరాలు స్టేషను రికార్డులో వ్రాసి సంతకం పెట్టారని చెబుతారు. గుమాస్తాను గనుక నా మనస్సు అక్కడే ఆగిపోతుంది. తుపాకులకు లెక్క చెప్పి వెళ్ళాడు తిరుగుబాటుదారు. మనుషుల కష్టానికి లెక్క చెప్పలేదు సర్కారు. 1924 మే 7న కొయ్యూరు వద్ద రాజుగారిని కాల్చి చంపారు. రోడ్డు మాత్రం మిగిలింది.

ఇక నా లెక్క. 1987లో నేను పనిచేసిన సెక్షనుకు ఆ కొండల మీది ఒక పల్లె ఫైలు వచ్చింది. రిజర్వు అడవిలో సాగు చేస్తున్న పదిహేడుమంది పేర్ల జాబితా అది. పట్టికలో "సాగు ఎప్పటినుంచి" అని ఒక గడి ఉంది. పైనుంచి ఖాళీగానే వచ్చింది. పదిహేడు పేర్ల ఎదుటా నేను "తెలియదు" అని వ్రాసి, ఆక్రమణదారులను తొలగించవచ్చునని నోటు పెట్టాను. ఒక్క రోజు ఆ పల్లెకు వెళ్ళి అడిగితే చెప్పేవారు. నాకు గిడుగు ఇచ్చినవాని వంటి ముసలివారు అక్కడా ఉండే ఉంటారు. నేను అడుగలేదు. అడగమని నన్నెవరూ అడుగలేదు.

2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. అడవిబిడ్డలకు చారిత్రక అన్యాయం జరిగిందని దాని పీఠికలోనే ఒప్పుకున్నది. 2005 డిసెంబరు 13కు ముందునుంచి సాగులో ఉన్న గిరిజనులకు నాలుగు హెక్టార్లకు మించకుండా హక్కు కల్పించింది. 2008 జనవరిలో అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం ఊరి పెద్దల వాఙ్మూలమూ సాక్ష్యమే. అంటే నేను "తెలియదు" అని పూరించిన గడికి జవాబు ఊళ్ళోనే ఉన్నదని చట్టం చెప్పింది. అప్పటికి నేను పదవీ విరమణ చేసి ఆరు నెలలు.

2023 జూలైలో మా అబ్బాయి కారులో మనవరాలితో కలిసి మళ్ళీ ఆ ఘాట్ ఎక్కాను. లంబసింగి ఇప్పుడు 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. జనం శీతాకాలంలో మంచు చూడడానికి పోటెత్తుతారు. వానాకాలంలో రద్దీ తక్కువ. కారు ఆపించి, గొడుగు వేసుకొని ఒక మైలు నడిచాను. అడవి వాసన మారలేదు. "తాతయ్యా, ఈ రోడ్డు ఎవరు వేశారు?" అని పిల్ల అడిగింది. పై కథంతా చెప్పాను. నా నోటు సంగతి కూడా దాచలేదు. విని, "ఆ పదిహేడుమంది ఏమయ్యారు?" అన్నది. నా దగ్గర జవాబు లేదు.

మిత్రులు ఒకసారి వానలో ఆ దారిన వెళ్ళి రండి. మందులు, గొడుగు, ఉన్ని దుస్తులు మరువకండి. నర్సీపట్నం నుంచి వేరే దారిలో ఉన్న కృష్ణదేవిపేటలో రాజుగారి సమాధినీ దర్శించండి. ఘాట్ మీద కొంచెం దూరం నడవండి. కాళ్ళ క్రింది రాయి ఎవరు కొట్టినదో మనవలకు చెప్పండి. మనం రిజిస్టరులో ఎక్కించని పేర్లకు ఇక మనం చేయగలిగిన చెల్లింపు అదే.